ఈ నాణెం ఏ దేశానిది? చవకగా దొరికే పాత విదేశీ నాణేలను గుర్తుపట్టే పద్ధతి

రాగి నాణెం. ఒక వైపు కిరీటం కింద రెండు తలల గద్ద, ఇంకో వైపు కొమ్మల అలంకారం పైన ‘2’ అంకె, దాని కింద 1897. అంతే, ఇంకేమీ లేదు. ఏ దేశమో రాయలేదు, ఏ రాజో రాయలేదు, ఆ రెండు దేనికి రెండో కూడా రాయలేదు. పాత నాణేల పోగు ముందేసుకుని కూర్చున్న కొత్తవాళ్లకి ఇలాంటిది ఒకటి తొందరగానే తగులుతుంది, చాలామందికి ఓపిక పోయేది కూడా అక్కడే.

ఇది ఆస్ట్రియా 2 హెల్లర్ (వంద హెల్లర్లు ఒక క్రోన్). ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి కాలంలో, 1892లో క్రోన్ డబ్బు వచ్చాక, దీన్ని కోట్ల సంఖ్యలో కొట్టారు, అందుకే ఇవాళ్టికీ ఎవరికీ బరువు కాని ధరకే దొరుకుతుంది. పేరు ఎందుకు వేయలేదంటే, వేయాలన్న అవసరం ఎవరికీ కనబడలేదు. ఆ సామ్రాజ్యంలో బతికేవాళ్లకి ఆ గద్ద ఎవరిదో తెలుసు, ఆ రెండు హెల్లర్లేనని తెలుసు. విదేశీ నాణేలతో మనకొచ్చే చిక్కులన్నిటికీ దాదాపు ఇదే మూలం: నాణెం కొట్టింది దాన్ని రోజూ చేత్తో పట్టుకునే జనం కోసం, వందేళ్ల తర్వాత ఇంకెక్కడో కూర్చుని భూతద్దంలో చూసే మన కోసం కాదు. వాళ్లకి ముందే తెలిసిందేదీ దాని మీద ఉండదు. ఆ ఖాళీని మనం లిపి, సంవత్సరం, లోహం, బరువు, అంచు వీటితో పూరించుకోవాలి, అది అనుకున్నంత కష్టమైన పని కాదు.

ముందు పేరు సంగతి. పేరు రాసిన నాణెం మీద కూడా మనం అట్లాసులో చదువుకున్న పేరు ఉంటుందని ఆశ పెట్టుకోకూడదు, ఎవరి భాషలో వాళ్లు రాసుకుంటారు. సువోమి అని ఉంటే ఫిన్లాండ్, మాగ్యార్ అని మొదలైతే హంగరీ, నార్గె అంటే నార్వే, ఎయిరె అంటే ఐర్లాండ్. స్విట్జర్లాండ్ వాళ్లకి జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్, రొమాన్ష్ అని నాలుగు భాషలు కాబట్టి ఆ గొడవే లేకుండా లాటిన్‌లో హెల్వెషియా అనో, కాన్ఫెడరాషియో హెల్వెటికా అనో వేస్తారు. బెల్జియం దీనికి పూర్తిగా ఉల్టా: ఒకే నాణేన్ని ఫ్రెంచ్‌లో కొంత, డచ్‌లో కొంత విడివిడిగా కొట్టించింది, కాబట్టి ఒకే సంవత్సరంవి రెండు దొరికితే ఒకటి డూప్లికేట్ అనుకుని పక్కన పెట్టేయకుండా అక్షరాలు చూడండి. ఇంగ్లిష్ ‘సి’ మూడుసార్లు, పక్కన ‘పి’ ఉన్నట్టు కనబడితే అది ఇంగ్లిష్ కాదు, రష్యన్ లిపిలో సోవియట్ యూనియన్ పేరు.

బ్రిటన్‌ది మాత్రం వేరే దారి. ఎలిజబెత్ రాణి కాలపు మామూలు బ్రిటిష్ నాణేల్లో చాలావాటి మీద దేశం పేరే ఉండదు, రాణి పేరు, ఆవిడ బిరుదుల పొడి అక్షరాలు, విలువ, సంవత్సరం, అంతవరకే. దీన్నే మనకి పనికొచ్చేలా తిప్పుకోవచ్చు: రాణి బొమ్మ ఉండి కెనడా అనో, ఆస్ట్రేలియా అనో, ఫిజీ అనో ఏ దేశం పేరూ కనబడకపోతే అది బ్రిటన్‌దే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. అంతకుముందు రాజుల నాణేల మీద ఉండే లాటిన్ బిరుదులు కూడా పనికొస్తాయి. ‘ఇండ్ ఇంప్’ అని కనబడితే అది భారత చక్రవర్తి లేదా చక్రవర్తిని అన్న బిరుదుకి పొట్టి రూపం, బ్రిటన్ సొంత నాణేల మీద 1893లో విక్టోరియా ముసలితనపు బొమ్మతో వచ్చి 1948 తర్వాత మాయమైంది. ఎందుకు మాయమైందో మనకి వేరే చెప్పక్కర్లేదు. జార్జ్ VI పెన్నీ మీద సంవత్సరం అరిగిపోయినా ఆ రెండు మాటలు ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి 1949కి అటా ఇటా అని తేల్చేయొచ్చు.

ఇక సంవత్సరాలు. అసలు మజా ఇక్కడుంది, కొత్తవాళ్లు ఎక్కువగా పప్పులో కాలేసేదీ ఇక్కడే. నేపాల్ నాణెం మీద 2028 అని దేవనాగరి అంకెల్లో ఉంటుంది, అంటే భవిష్యత్తులోంచి వచ్చిందని కాదు, అది విక్రమ సంవత్, 57 తీసేస్తే 1971. థాయ్‌లాండ్‌ది బౌద్ధ శకం, అందులోంచి 543 తీసేయాలి. అరబిక్ అంకెలు మాత్రం ఒకసారి కూర్చుని నేర్చేసుకోవడం మంచిది, పది గుర్తులే కదా: ఒకటి నిలువు గీత, తొమ్మిది మనం రాసే 9 లాగే ఉంటుంది, ఏడు ఇంగ్లిష్ ‘వి’లా, ఎనిమిది దాన్ని బోర్లించినట్టు. మోసం చేసేవి మూడు. ఆరు చూడ్డానికి మన 7లా ఉంటుంది, ఐదు అచ్చం సున్నాలా గుండ్రంగా ఉంటుంది, అసలు సున్నా ఏమో ఒట్టి చుక్క. అక్షరాలు కుడి నుంచి ఎడమకి చదివినా అంకెల్ని మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికే చదవాలి.

ఆ అంకెలు చదివాక వచ్చేది ఎక్కువగా హిజ్రీ సంవత్సరం. అది చాంద్రమానం, మన సంవత్సరం కంటే దాదాపు పదకొండు రోజులు తక్కువ, కాబట్టి ఒక సంఖ్య కలిపేస్తే సరిపోదు. 0.97తో గుణించి 622 కలపండి, ఒక ఏడాది అటూ ఇటూగా సరిగ్గా వస్తుంది. 1376ని అలా చేస్తే 1957 దగ్గర తేలుతుంది. ఇరాన్ 1920ల నుంచి సౌరమానానికి మారింది, దానికి 621 కలిపితే చాలు, 1350 అంటే 1971. ఇంతలో ఇరాన్ రాజు షా గారికి పాత పర్షియా చక్రవర్తుల కాలం నుంచి లెక్కపెట్టాలనిపించింది, దాంతో 1976 నుంచి కొన్నాళ్లు ఇరాన్ నాణేల మీద 2535, 2536, 2537 అని వచ్చాయి. ఆ తర్వాత మళ్లీ మామూలే. ఒకే మనిషి జేబులో వెయ్యేళ్లకు పైగా తేడా ఉన్న సంవత్సరాల నాణేలు కలిసి తిరిగాయన్నమాట.

ఆటోమన్, అంటే పాత టర్కీ సామ్రాజ్యపు నాణేలది ఇంకో మెలిక, ఇది తెలియక తప్పు చదివేవాళ్లు బోలెడుమంది. మధ్యలో తుగ్రా, అంటే సుల్తాను పేరుని అల్లిబిల్లిగా రాసిన చేవ్రాలు ఉంటుంది, ఎక్కడో 1327 అని ఉంటుంది. 1327 అంటే 1909, అయిపోయింది అనుకుంటాం. కాలేదు. 1327 ఐదో మెహమెద్ గద్దెనెక్కిన సంవత్సరం, ఆయన ఉన్నన్నాళ్లూ ఆ సంఖ్య మారదు. నాణెం నిజంగా ఎప్పుడు కొట్టారో చెప్పేది వేరే చోట చిన్నగా ఉండే ఇంకో అంకె, అది పాలనలో ఎన్నో ఏడో చెబుతుంది. ఆ చిన్న అంకె 7 అయితే, మొదటి ఏడు 1327 కాబట్టి ఏడోది 1333, అంటే 1914 చివర నుంచి 1915 వరకు. ఒకటి గద్దెనెక్కిన ఏడాది, ఇంకోటి మొదటి ప్రపంచ యుద్ధంలో పడ్డ ఏడాది. చిన్న అంకె చూడకపోతే నాణెం కథే మారిపోతుంది.

జపాన్ వాళ్లు కూడా చక్రవర్తి పేరుతోనే లెక్కపెడతారు. మెయిజి 1 అంటే 1868, తైషో 1 అంటే 1912, షోవా 1 అంటే 1926, హెయ్‌సెయ్ 1 అంటే 1989, రెయ్‌వా 1 అంటే 2019. షోవా 48 కావాలంటే 1925 కలపండి, 1973 వస్తుంది. దీనికి మంచి ఉదాహరణ 5 యెన్‌ల నాణెం, ఎందుకంటే అందులో మనకి తెలిసిన అంకె ఒక్కటి కూడా ఉండదు. పచ్చని ఇత్తడి, మధ్యలో గుండ్రటి చిల్లు. ఒక వైపు వంగిన వరి కంకి, కింద అడ్డగీతలు, చిల్లు చుట్టూ పళ్ల చక్రం. కంకి పంటకి, గీతలు నీళ్లకి అంటే చేపల వేటకి, చక్రం పరిశ్రమలకి గుర్తు, యుద్ధం తర్వాత దేశం దేని మీద నిలబడాలనుకుందో ఆ మూడింట్లో ఉంది. విలువ కూడా జపాన్ అక్షరాల్లోనే. రెండో వైపు మొలకలు, దేశం పేరు, సంవత్సరం, అదీ అక్షరాల్లోనే. ఒకటి నుంచి పది వరకు ఆ అక్షరాలు నేర్చుకోవడానికి ఒక సాయంత్రం పడుతుంది, ఆ తర్వాత చైనా, తైవాన్ నాణేలు కూడా కొంత దారికొస్తాయి. ఒక్కటి గుర్తుంచుకోవాలి: రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి జపాన్ నాణేల మీద అడ్డంగా రాసినవి మామూలుగా కుడి నుంచి ఎడమకి చదవాలి.

సంవత్సరం సరిగ్గా చదివినా అదే నిజమని గ్యారంటీ లేదు, ఇదొక పేచీ. ఇథియోపియాలో హైలే సెలాసీ చక్రవర్తి బొమ్మతో వచ్చిన రాగి నాణేల మీద 1936 అని ఉంటుంది, అది వాళ్ల కేలండర్ ప్రకారం, మన లెక్కలో 1943–44, పైగా ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు అదే సంవత్సరం వేసి కొడుతూనే పోయారు. ఆస్ట్రియాని ఏలిన మరియా థెరెసా బొమ్మ ఉన్న థాలర్ అనే పెద్ద వెండి నాణెం మీద ఎప్పుడూ 1780 ఉంటుంది, అది ఆవిడ పోయిన ఏడు. అరేబియాలో, ఇథియోపియాలో వ్యాపారులు ఆ నాణేన్ని తప్ప ఇంకోదాన్ని నమ్మలేదు కాబట్టి అదే అచ్చు, అదే సంవత్సరంతో తరాల తరబడి కొట్టారు. నియంత ఫ్రాంకో కాలపు స్పెయిన్ పెసెటాల్లో మాత్రం కాస్త దయ చూపించారు: బయట 1966 అని ఉన్నా, పక్కనున్న బుల్లి నక్షత్రం లోపల రెండు అంకెలు ఉంటాయి, నిజంగా కొట్టిన ఏడాది అదే. భూతద్దం లేకుండా అది కనబడదు, కనబడ్డాక ఇంట్లో ఉన్న పెసెటాలన్నీ మళ్లీ తీసి చూడకుండా ఉండలేరు.

రాతలన్నీ అరిగిపోయినప్పుడు లోహం మాట్లాడుతుంది. చేతిలో ఒక చిన్న అయస్కాంతం, పదో వంతు మిల్లీమీటరు కొలిచే కాలిపర్, గ్రాములో వందో వంతు చూపించే త్రాసు ఉంటే సగం పని అయిపోయినట్టే. బ్రిటన్ 1, 2 పెన్స్ నాణేలు పాతవీ కొత్తవీ రంగులో ఒకేలా ఉంటాయి, కానీ 1992లో కంచు మానేసి రాగి పూత పూసిన ఉక్కుకి మారాయి కాబట్టి కొత్తవి అయస్కాంతానికి అంటుకుంటాయి, పాతవి అంటుకోవు. అచ్చమైన నికెల్ కూడా అంటుకుంటుంది, ఇది చాలామందికి తెలియదు, అంటుకుంది కదా ఇనుమే అని తీసిపారేస్తారు.

యుద్ధాలు నాణేల మీద చూపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనబడవేమో అనిపిస్తుంది నాకు. రాగి, నికెల్ తూటాలకీ తుపాకులకీ పోతే నాణేలకి మిగిలేది ఇనుము, జింక్, అల్యూమినియం. ఆస్ట్రియా 2 హెల్లర్ కూడా 1916 నుంచి ఇనుమే. 1940ల మొదట్లో జర్మనీ ఆక్రమించిన బెల్జియం, నెదర్లాండ్స్, డెన్మార్క్ మూడూ జింక్ నాణేలు కొట్టాయి, బూడిదరంగులో, పొడలు పొడలుగా, ఎంత జాగ్రత్తగా దాచినా అందంగా ఉండవు. అమెరికా కూడా 1943లో ఒక్క ఏడాది సెంట్‌ని జింక్ పూసిన ఉక్కుతో చేసింది. ఫ్రాన్స్‌ది ఇంకా ఘాటుగా ఉంటుంది. ఆ దేశపు నాణేల మీద మామూలుగా రిపబ్లిక్ పేరు, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్న నినాదం ఉంటాయి. 1942–44 నాటి ఒక రకం అల్యూమినియం ఫ్రాంక్ తీసి చూడండి, రిపబ్లిక్ అన్న మాట లేదు, ‘ఫ్రెంచ్ రాజ్యం’ అని ఉంది, నినాదం తీసేసి శ్రమ, కుటుంబం, పితృభూమి అని వేశారు, బొమ్మ ఉండాల్సిన చోట గొడ్డలి. జర్మనీ ఆక్రమణ రోజుల్లో ఫ్రాన్స్‌ని నడిపిన విషీ ప్రభుత్వం గురించి చదివినదంతా ఒక గ్రాము పైచిలుకు లోహంలో ఇమిడిపోయింది. ఇవేవీ ఖరీదైనవి కావు. జర్మనీ 1923లో కొట్టిన అల్యూమినియం 200 మార్కులు, 500 మార్కులు కూడా అంతే, పెద్ద అంకె, ఈకంత బరువు, అప్పటి ధరలు ఏ వేగంతో పెరిగాయో వేరే ఎవరూ వివరించక్కర్లేదు.

ఇదే లోహం విషయం కాస్త లాభసాటిగా కూడా ఉంటుంది, ఎందుకంటే చిల్లర పోగుల్లో వెండి దాక్కుని ఉంటుంది. బ్రిటన్ వెండి నాణేల్లో 1919 వరకు 92.5 శాతం వెండి, 1920 నుంచి 1946 వరకు 50 శాతం, 1947 నుంచి సున్నా. అమెరికా డైమ్‌లు (10 సెంట్లు), క్వార్టర్‌లు (25 సెంట్లు) 1964 వరకు 90 శాతం. స్విట్జర్లాండ్ అర, ఒకటి, రెండు ఫ్రాంకులు 1967 వరకు 83.5 శాతం, 1968 నుంచి అదే బొమ్మతో కప్రోనికెల్, అంటే రాగి, నికెల్ కలిపిన లోహం, అందుకే ఆ సంవత్సరాలు గుర్తుండాలి. స్విస్ నాణేలకి ఇంకో సరదా ఉంది, దేశానికి గుర్తుగా నిలబడ్డ హెల్వెషియా అనే స్త్రీ బొమ్మ చుట్టూ ఉన్న నక్షత్రాలు లెక్కపెడితే 1982 వరకు 22, 1983 నుంచి 23. మధ్యలో 1979లో జూరా అనే కొత్త కాంటన్, అంటే వాళ్ల రాష్ట్రం, ఏర్పడింది, దాని నక్షత్రం కాస్త ఆలస్యంగా ఎక్కింది.

టంకశాల గుర్తుల గురించి క్లుప్తంగా. జర్మనీ నాణేల మీద ఒంటరిగా ఉండే అక్షరం ఊరిది: ఎ అంటే బెర్లిన్, డి మ్యూనిక్, ఎఫ్ స్టుట్‌గార్ట్, జి కార్ల్స్‌రూహె, జె హాంబర్గ్. అమెరికాలో అదే డి డెన్వర్. బ్రిటిష్ పెన్నీ మీద సంవత్సరం పక్కన హెచ్ ఉంటే దాన్ని బర్మింగ్‌హామ్‌లో హీటన్ కంపెనీ కొట్టింది. మొదట్లో వీటి వెనక పరిగెత్తకండి, రకాలు గుర్తుపట్టడం వచ్చాక గుర్తులు వాటంతటవే కళ్లకి కనబడతాయి.

అన్నీ చూసినా ఏ దేశమూ కుదరకపోతే ఒక ప్రశ్న వేసుకోండి, ఇది అసలు నాణెమేనా? విలువ ఎక్కడా లేదు, సంవత్సరం లేదు, పల్చగా పచ్చగా ఉంది, రాణి బొమ్మ ఉంది, వెనక జర్మన్‌లో ‘ష్పీల్ మార్కె’ అని ఉంది, అంటే అది పేకాటలో వాడే బిళ్ల. ఇలాంటి ఇత్తడి బిళ్లలు చాలా కొట్టారు, బంగారు నాణెం అనుకుని గుండె దడదడలాడిన వాళ్లూ చాలామందే. బస్సు టోకెన్లు, పతకాలు, ఉత్సవాల గుర్తుగా పంచినవి ఇవన్నీ పోగుల్లో కలిసిపోయే వస్తాయి. నకిలీల భయం చౌక నాణేల్లో తక్కువే, వాటిని దొంగగా చేస్తే చేసినవాడికి కూలి గిట్టదు. పెద్ద వెండి నాణెం, ముఖ్యంగా చైనా డాలరో, ఆసియా వ్యాపారం కోసం కొట్టిన పాత ట్రేడ్ డాలరో చవగ్గా వస్తోందంటే మాత్రం ముందు త్రాసు తియ్యండి, కేటలాగులో చెప్పిన బరువుకి తేడా ఉంటే అక్కడితో వదిలేయండి.

కేటలాగు అన్నాను కదా. విదేశీ నాణేలు సేకరించేవాళ్లు ‘కెఎం ఇంత’ అని ఒక నంబరు వాడతారు, అది క్రాజ్, మిష్లర్ అనే ఇద్దరి పేర్ల మీద వచ్చింది, వాళ్ల ప్రపంచ నాణేల కేటలాగు 1972లో మొదలైంది. దేశం, విలువ ఒకటే అయినా లోహమో, బొమ్మో మారితే మామూలుగా నంబరు మారుతుంది. ఇప్పుడు న్యూమిస్టా లాంటి ఉచిత ఆన్‌లైన్ కేటలాగులో దేశం తెలియకపోయినా వ్యాసం, బరువు, కనబడ్డ అక్షరాలు ఇచ్చి వెతకొచ్చు. ఫోటో తీస్తే చెప్పేసే యాప్‌లు కూడా ఉన్నాయి, పనికొస్తాయి, కానీ ఆటోమన్ పాలనా సంవత్సరం, స్పెయిన్ నక్షత్రం లాంటి చోట్ల వాటి మాట నేను నమ్మను. యాప్ చెప్పాక బరువు, వ్యాసం కేటలాగుతో సరిపోల్చే అలవాటు చేసుకోండి, మోసాలూ పొరపాట్లూ ఎక్కువ భాగం అక్కడే దొరికిపోతాయి.

ధర గురించి ఎవరైనా మొదట అడిగేది ఎంత పాతది అని. పాతదనానికీ ధరకీ పెద్ద చుట్టరికం లేదు. నాలుగో శతాబ్దపు రోమన్ రాగి నాణేలు, కాన్‌స్టాంటైన్ కొడుకుల కాలంవి, పదహారు వందల ఏళ్లు దాటినవి, అరిగినవైతే సామాన్యులు కొనగలిగే ధరలోనే ఉంటాయి, ఎందుకంటే అప్పట్లో విపరీతంగా కొట్టారు, కుండల్లో పాతిపెట్టారు, ఇప్పటికీ తవ్వితే దొరుకుతూనే ఉన్నాయి. చైనా ఛియెన్‌లుంగ్ చక్రవర్తి కాలపు చతురస్రపు చిల్లు రాగి నాణేలూ అంతే. ధరని తేల్చేవి మిగిలినవి ఎన్ని, ఎంత బాగున్నాయి, కావాలనేవాళ్లు ఎంతమంది అన్న మూడు విషయాలు. అందుకే అమ్మకానికి పెట్టిన ధర చూసి ఆవేశపడకండి, నిజంగా అమ్ముడుపోయిన ధర చూడండి, రెండింటికీ పదింతల తేడా ఉన్న సందర్భాలు చాలా మామూలు. ‘ఈ నాణెం మీ ఇంట్లో ఉంటే లక్షాధికారులే’ అనే వీడియోల గురించి నేను చెప్పేది ఒక్కటే, అలా చెప్పేవాడు దాన్ని కొంటానంటున్నాడో లేక ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటున్నాడో చూడండి.

కడగొద్దు. చింతపండు, టూత్‌పేస్టు, బ్రాసో, వంటసోడా ఏదీ వద్దు. నాణెం మీద నల్లబడిన పొర మురికి కాదు, లోహం గాలితో కలిసి తనకి తాను వేసుకున్న పొర, దాన్ని గీకితే తళతళలాడే కొత్త నాణెం బయటపడదు, సన్నటి గీతలతో నిండిన ఎర్రటి ముక్క మిగులుతుంది, కాస్త అనుభవం ఉన్నవాళ్లు దాన్ని దూరం నుంచే పసిగడతారు. జిగురో, మట్టో ఉంటే మామూలు నీళ్లలో నానబెట్టి, రుద్దకుండా మెత్తటి బట్ట మీద అద్ది ఆరబెట్టండి. రాగి మీద మెత్తగా పొడిలా లేచే లేతపచ్చ మచ్చలుంటే దాన్ని వేరుగా పెట్టండి, చెమ్మ తగిలితే అది ఇంకా తినేస్తుంది. మెత్తగా వంగే పీవీసీ కవర్లు కొన్నేళ్లకి నాణెం మీద పచ్చటి జిగురు వదులుతాయి, వాటికంటే చిన్న కాగితం కవర్లు మేలు, రాసుకోవడానికి చోటు కూడా ఉంటుంది.

ఎలా సేకరించాలన్న దాని మీద నా అభిప్రాయం వేరు. ప్రతి దేశానికీ ఒకటి అని మొదలుపెట్టేవాళ్లు మొదట్లో చకచకా వంద దాటతారు, తర్వాత చిన్న చిన్న ద్వీపాల స్మారక నాణేలు కొనుక్కుంటూ ఉంటారు, అవి ఎవరి జేబులోనూ తిరిగినవి కావు. ఒకే నాణేన్ని అన్ని సంవత్సరాలవీ పోగేయడం ఇంకొందరి పద్ధతి, అందులో చివరికి ఒకటో రెండో అరుదైన సంవత్సరాలు మిగిలి డబ్బంతా వాటికే పోతుంది. నాకైతే ఒక కాలాన్నో, ఒక విషయాన్నో పట్టుకోవడం బాగుంటుంది: యుద్ధకాలపు జింక్ నాణేలు, చిల్లు నాణేలు, 2002లో యూరో నోట్లూ నాణేలూ వచ్చాక చెల్లకుండా పోయిన పాత చిల్లర, లేకపోతే జైర్, రొడీషియా, యుగోస్లావియా, తూర్పు జర్మనీ లాగా ఇవాళ పటంలో లేని దేశాలు. వీటికి పెద్దగా ఖర్చుండదు, ఒక్కోటి గుర్తుపట్టే కొద్దీ తర్వాతది తేలికవుతుంది.

కవరు మీద దేశం, విలువ, సంవత్సరం రెండు లెక్కల్లోనూ, అంటే నాణెం మీద ఉన్నదీ మన లెక్కలోదీ, లోహం, బరువు, కెఎం నంబరు రాసిపెట్టండి. తేలనివాటికి ప్రశ్నార్థకం వేసి బొమ్మ, బొరుసు రెండు వైపులా ఫోటో తీసి, బరువు మాత్రం తప్పకుండా రాసి వేరే డబ్బాలో పడేయండి. కొత్త లిపి ఏదైనా నేర్చుకున్నప్పుడల్లా ఆ డబ్బా ఒకసారి తిరగేస్తే నాలుగైదు బయటికొచ్చేస్తాయి.